తాళాలు ఇచ్చే ముందు

"తాళాలు ఇలా ఇవ్వు, అన్నయ్యా," అంది టీకొట్టు ఆవిడ, చెయ్యి చాస్తూ.

ముసలి డ్రైవరు లారీ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. రేపు కొత్త రోడ్డు తెరుస్తున్నారు. అది ఈ ఛాయలకే రాదు. అందుకే ఇవాళ్టితో కొట్టు మూసేస్తోంది. ఆయనకీ ఇదే ఆఖరి ట్రిప్పు.

ఇరవై రెండేళ్లుగా ఇక్కడి పద్ధతి ఇంతే. ఎంతటి మొనగాడైనా బండి దిగగానే తాళాలు ఆవిడకి అప్పగించాలి. అవి గోడ మేకుకి ఎక్కుతాయి. టీ తాగి, వెనక వసారాలో మంచం మీద ఓ కునుకు తీసి లేచాక ఆవిడ ఇంటి సంగతులు అడుగుతుంది. తడుముకోకుండా చెబితే తాళాలు, తడబడితే మళ్ళీ మంచం. ముగ్గురు పిల్లలున్న ఒక డ్రైవరు నిద్రమత్తులో ఇద్దరే అన్నాడు, పాపం. ఆ మూడోదాన్ని కూడా గుర్తు తెచ్చుకుని రమ్మని ఆవిడ తరిమితే రెండు గంటలు గుర్రుపెట్టాడు. ఆ ముచ్చట చెప్పుకుని డ్రైవర్లు ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. తిట్టుకున్నవాళ్లూ లేకపోలేదు గానీ, ఆగడం మానినవాళ్లు లేరు.

వసారాలో నడుం వాల్చినా ఈ రోజు ఆయనకి కునుకు పట్టలేదు. పాత రోజులన్నీ కళ్లముందుకొచ్చాయి. ఒకసారి తనకి ఒళ్లు కాలిపోతుంటే ఆవిడ మూడు రోజులు కదలనివ్వలేదు. ఆయన కూతురి పెళ్లికొచ్చి, "బండి నెమ్మదిగా నడుపుతావా బాబూ?" అని పెళ్లికొడుకునే నిలదీసింది. తోడబుట్టినవాళ్లు లేని లోటు ఆవిడ వల్లే తీరింది. ఎంత హాయైన రోజులో అనుకున్నాడు. ఆ వెంటనే, ఎప్పటిలాగే, గుండెలో ముల్లు కదిలింది.

ఆవిడ భర్త సైకిల్ మీద వెళుతుంటే కొట్టు ముందున్న ఈ మలుపులోనే ఏదో లారీ గుద్ది వెళ్లిపోయింది. చూసినవాళ్లు లేరని అందరూ అన్నారు. ఆ లారీ ఎవరిదో ఈయనకి తెలుసు. రెండు రాత్రులు నిద్రలేక రెప్ప వాల్చింది ఈయనే. ఆ తర్వాత ఆరు నెలలకి ఇక్కడ కొట్టు వెలిసింది. ప్రతి ట్రిప్పులోనూ చెప్పేద్దామనుకునేవాడు. చెబితే ఉన్న ఒక్క చెల్లెలూ పోతుందన్న భయంతో నోరు పెగిలేది కాదు. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేది లేదు.

లేచి వచ్చేసరికి ఆవిడ గోడ మేకులు ఒక్కొక్కటే పీకుతోంది. మనవరాలికి పళ్లొచ్చాయా అని అడిగింది.

"మీ ఆయన్ని గుద్దింది నేనేనమ్మా," అన్నాడు. "నిద్రపోయాను. లేచి చూసి, ఆపకుండా పారిపోయాను."

ఆవిడ గోడవైపు తిరిగింది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలుస్తోంది. తర్వాత ఆయన తాళాలు తీసి, ఆయన చేతిలో పెట్టింది.

"ఆ రోజు నీ లారీ తూలుతూ పోవడం నేను చూశాను. అది మళ్ళీ ఈ దారినే వస్తుందని తెలిసే ఈ కొట్టు పెట్టాను, అన్నయ్యా."