కాక్టస్ మీద మీసం పందెం

“ఈ ముక్క వేరు పట్టకపోతే నా మీసం తీసేస్తా” అని నోరు జారాడు సెలూన్ ఓనరు.

జారితే జారాడు, బావమరిది ముందు జారాడు. పైగా బెంచీ మీద నలుగురు కస్టమర్లు కూర్చుని ఉన్నారు, సాక్ష్యానికి కొదవ లేదు.

అది అలాంటిలాంటి మీసం కాదు. ముప్ఫై ఏళ్ళుగా నూనె రాసి, దువ్వి, మెలితిప్పి పెంచుకున్నది. బయట బోర్డు మీద ఉన్న బొమ్మ కూడా దానిదే. అది పోయాక ఆ బోర్డు కింద ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాడు?

దీనంతటికీ మూలం భార్య. ముందు రోజు ఆమె, మొక్కల నర్సరీ నడిపే తమ్ముడితో కబుర్లాడుతూ, “మీ బావ చేతికి కత్తిరించడమే వచ్చు, పెంచడం రాదురా” అనేసింది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడే బావమరిది ఓ నిలువెత్తు కాక్టస్ మధ్యలోంచి జానెడు ముక్క కోసి, కొవ్వొత్తి ముక్కలాంటి దాన్ని తెచ్చి చేతిలో పెట్టాడు. గడువు రెండు నెలలు.

కోసిన చోట ఎండి గట్టిపడేదాకా వారం రోజులు నీడలో ఉంచమన్నాడు. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, గుప్పెడు ఆకు ఎరువు కలిపి అందులో నాటమన్నాడు. కుండీలో నీళ్ళు పోయొద్దన్నాడు. అస్తమానూ పీకి చూడొద్దని మరీ మరీ చెప్పాడు.

ఆయన పొల్లు పోకుండా అన్నీ చేశాడు. సగం గీసిన గడ్డంతో కస్టమర్ లబోదిబోమంటున్నా ఇటుక పగలగొట్టడం ఆపలేదు. కుండీని అద్దం కింద పెట్టాక దాన్ని కదిపితే ఒట్టు.

మూడో వారంలో ముక్క నెత్తిన తెల్లగా నాలుగు వెంట్రుకలు లేచాయి. “నీకూ వయసు మీదపడిందా” అని దాన్ని పలకరించాడు. లేచిన వెంట్రుకని చూస్తూ ఊరుకునే చెయ్యి కాదది. రోజూ షాపు తెరవగానే తొలి బేరం దానిదే. నెత్తిన నీళ్ళు చిలకరించడం, కత్తెరతో నున్నగా కత్తిరించడం. మర్నాటికి మళ్ళీ లేచేవి. మొండి జుట్టు అని మురిసిపోయేవాడు.

గడువు రోజు బావమరిది అక్కని వెంటబెట్టుకుని షాపుకి వచ్చి ముక్కని పైకి లాగాడు. ఇట్టే వచ్చేసింది. అడుగు బోడిగా ఉంది. వేరు కాదు కదా, నలుసు కూడా లేదు.

ఆయన మొహం మాడిపోయింది. ఏదో సరదాకి అనుకున్నాం, వదిలెయ్యమని భార్య బతిమాలింది. మాటంటే మాటేనని ఆయన తన కుర్చీలోనే కూలబడ్డాడు. తన చేత్తో తను తీసుకోలేనని కత్తి ఆమెకిచ్చి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు నురగలోకి జారాయి.

ఎడమ మీసం ఒళ్ళో పడింది.

బావమరిది ముక్కని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ముళ్ళు ఏ వైపుకి తిరిగి ఉన్నాయో చూశాడు. నెత్తిన ఉన్న తెల్లటి మోళ్ళని వేలితో తడిమాడు. ఇవేమిటని అడిగితే, తన చేతి పనేనని నురగలోంచే చెప్పాడు ఆయన.

“అక్కా, కత్తి ఆపు, బావ దీన్ని తలకిందులుగా నాటి, పైకొచ్చిన వేర్లకి రోజూ క్షవరం చేశాడు.”