పార్కిన్ దొర వారసుడు

దండ ఒక్కటే తెచ్చారు. కారులోంచి ఇద్దరు దిగారు.

ముందు దిగినాయన తెల్లవాడు. ఆరడుగుల మనిషి, ఎండకి కందిన ముక్కు, మెడలో పెద్ద కెమెరా.

వెనక దిగిన అమ్మాయి చామనచాయలో, సన్నగా, మామూలు చుడీదార్లో ఉంది.

దండ ఎవరికి వెయ్యాలని ఎవరూ ఆలోచించలేదు. సంఘపెద్ద ఆదాం మునివేళ్ళ మీద లేచి తెల్లాయన మెడలో వేశాడు. పేటంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు సంతోషంతో కొట్టినవి కావు, భయంతో కొట్టినవి.

సత్తెనపల్లి దగ్గర ఆ పేట, చర్చి, సమాధులు అన్నీ తాతల నాడు అమెరికా నుంచి వచ్చిన మిషనరీ పార్కిన్ దొర తన సొంత డబ్బుతో కొన్న నేలలోనే ఉన్నాయి. దొర పోయాడు గానీ పట్టా మాత్రం ఆయన పేరునే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అడిగినవాడు లేడు. ఇప్పుడు గుంటూరు రియల్ ఎస్టేటు ఆయన ఒకడు అమెరికాలో దొర కుటుంబాన్ని పట్టుకుని, ఆ నేల కొంటానని బేరం పెట్టాడు.

వచ్చి చూసి చెబుతామని కబురొచ్చింది. అమ్మితే పేట పేటంతా లేచిపోవాలి.

"సార్, కూర్చోండి సార్," అన్నాడు టీచరు కరుణాకర్ ఇంగ్లీషులో.

తెల్లాయన కూర్చున్నాడు. అమ్మాయి పక్క కుర్చీలో కూర్చోబోయింది.

"లేమ్మా, సార్ సంచి పెట్టాలి," అన్నాడు ఆదాం.

ఆమె చిన్నగా నవ్వి లేచింది.

"పెళ్ళికి పోతా పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఈ పిల్లెందుకు ఆయనెంట?" అని ఎవరో గొణిగారు.

"వంటకి తెచ్చుకునుంటాళ్ళే."

తెల్లాయన కొబ్బరినీళ్ళు తాగి, సమాధులెక్కడని అడిగాడు. మగవాళ్ళంతా ఆయన వెనక పడ్డారు. ఆయన ప్రతి సమాధికీ ఫొటో తీశాడు. మధ్యమధ్య కరుణాకర్ పేట గోడు వినిపించాడు. ఆయన తలూపి, "ఓకే, ఓకే," అన్నాడు.

"ఓకే అన్నాడా?" ఆదాం ఆత్రంగా అడిగాడు.

"అన్నాడు."

"దేనికి?"

"అదే తెలవట్లా."

కుర్చీ పోగొట్టుకున్న అమ్మాయి చర్చి వెనక కల్లానికి వచ్చింది. అక్కడ ముసలి సువార్తమ్మ ఎండుమిరపకాయల్లో తాలుకాయలు ఏరుతోంది. అమ్మాయి రెండుసార్లు తుమ్మి, పక్కనే చతికిలబడి తనూ ఏరడం మొదలుపెట్టింది.

"నీ పేరేంటమ్మాయ్?"

"క్రిస్టీనా."

"ఏ ఊరు?"

"పుట్టింది కొత్తపట్నం, అవ్వా. తుఫానులో అమ్మానాన్నా పోయారు. అప్పుడు పార్కిన్ వాళ్ళు తీసుకుపోయారు." తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతోంది.

"వాళ్ళింట్లోనే ఉంటావా?"

"అవును. వాళ్ళింట్లోనే."

చాకిరీ కోసం పసిపిల్లని అంతదూరం పట్టుకుపోయారు కాబోలని సువార్తమ్మ జాలిపడింది.

"ఏమంటారే మీ దొరలు? మమ్మల్ని లేపుతారా, ఉంచుతారా?"

అమ్మాయి ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

"మా వాళ్ళు మొదట దొరలు కాదు, అవ్వా. ఇంగ్లండులో కౌలు రైతులు. నేను ఆ ఊరు వెళ్ళి చూసొచ్చాను. అక్కడి భూస్వామి పొలం అమ్ముకుని, వీళ్ళని ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఓడెక్కి అమెరికా పోయారు. దారిలో చంటిబిడ్డ చనిపోతే సముద్రంలోనే వదిలారు. వాళ్ళ మనవడే ఇక్కడికి వచ్చిన పార్కిన్ దొర."

"అయ్యో తండ్రీ! కౌలు బతుకులు యాడైనా ఇంతేనా!"

ఇంట్లో పనిమనిషి కూడా 'మా వాళ్ళు' అనే అంటుంది గదా అనుకుంది సువార్తమ్మ.

"మిమ్మల్ని పొమ్మంటే ఎక్కడికి పోతారు, అవ్వా?"

"యాడికి పోతామే తల్లీ! మాకు ఓడలు లేవుగా."

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. తల వంచుకుని కళ్ళు తుడుచుకుంది.

"మిరపకాయ చేత్తో కళ్ళు తుడుచుకోకే పిచ్చిదానా!" అంటూ సువార్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె మొహం కడిగింది. ఇంట్లోకి తీసుకుపోయి గోంగూర పచ్చడేసి అన్నం పెట్టింది.

"నువ్వన్నా ఆ దొరకి ఒక మాట చెప్పమ్మా."

"చెప్తాను, అవ్వా."

అవతల చర్చి పందిట్లో తెల్లాయనకి నాటుకోడి పులావు కొసరి కొసరి వడ్డిస్తున్నారు.

సాయంత్రం కారు వెళ్ళిపోయింది. ఆ రాత్రి పేటలో ఎవరికీ ముద్ద దిగలేదు.

మర్నాడు కరుణాకర్‌కి తెల్లాయన ఫోన్ చేశాడు. అందరూ చుట్టూ మూగారు. కరుణాకర్ మొహమే చూస్తున్నారు.

"అమ్మట్లేదంట!" కరుణాకర్ అరిచాడు. "నేలంతా మన పేరునే రాసిస్తారంట! నిన్న కారెక్కగానే లాయరుకి చెప్పేశారంట!"

ఆదాం నేల మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. అందరి గుండెల మీంచీ బండ దిగినట్టయింది. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. ఎవరో పరుగెత్తి చర్చి గంట కొట్టారు.

"దేవా, నీకు స్తోత్రం!" సువార్తమ్మ చేతులెత్తింది.

"సార్‌కి చెప్పరా, ఆయన మా పాలిట దేవుడని!" అన్నాడు ఆదాం.

కరుణాకర్ ఆ మాట చెప్పాడు. అవతల నుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆ తర్వాత ఆయన ఏదో చాలాసేపు చెప్పాడు. వింటున్న కరుణాకర్ మొహంలో రంగులు మారాయి.

"ఏంటంటున్నాడ్రా?"

"వారసుడు తను కాదంట. వాళ్ళ పూర్వీకులు యాడి నుంచి యాడికొచ్చారో వెతికిపెట్టి, సమాధులు ఫొటోలు తీసే కిరాయి మనిషంట."

"మరి వారసుడేడి? పిలవరా, కాళ్ళ మీద పడదాం!"

"అసలు మనిషి పొద్దున్నే విమానం ఎక్కేశారంట."

కరుణాకర్ ఫోన్ దించి సువార్తమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, పార్కిన్ల ఇంట ఆఖరికి మిగిలింది వాళ్ళు కూతురుగా పెంచుకున్న ఆ క్రిస్టీనా ఒక్కతేనంట."