మొదటి కంచం

వీధిలో అందరిళ్లలోలాగే కనకరత్నం వంటింట్లోకీ వడ్డించే మర వచ్చింది. ఇంట్లో ఎవరి ఒళ్లు ఎక్కువ అలిసిపోయిందో కనిపెట్టి, మొదటి కంచం వాళ్లకే పెడుతుంది. వాళ్లు ముద్ద నోట్లో పెడితేగాని రెండో కంచం కదపదు.

"ముందు ఆయనకి పెట్టవే తల్లీ!" అని రత్నం బతిమాలింది. మర వినలేదు, కంచం ఆమె ముందే పెట్టింది. మొగుడికంటే ముందు తినడమా? ఆమెకి చెయ్యాడలేదు.

"నువ్వు తింటేనేగా నాకు పెట్టేది! కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి, కానివ్వవే," అన్నాడు భర్త వీరభద్రం.

ఆమె బెరుగ్గా అప్పడం కొరికింది. కరకరమంది. ఫక్కున నవ్వింది.

"ఎందుకే నవ్వుతావ్?"

"ఇన్నేళ్లూ ఈ చప్పుడు మీ నోట్లో వినడమేనండీ. నా దాకా వచ్చేసరికి అప్పడం మెత్తబడిపోయేది," అంటూ రత్నం ఆయన కోసం ఉంచిన అప్పడం కూడా అందుకుంది.