రాళ్ళ దారి

"చూడు చెల్లెమ్మా, పాప కళ్ళు కూడా తెరవలా!" అంగడి ముందరి కంకర మీద పాపను పడుకోబెట్టిన మూడు పెద్ద చక్రాల పిల్లల బండిని తోసుకొచ్చాడు అంగడాయన కడప బాబ్జాన్.

హుస్నా మొహం వెలిగింది. ఈ అరబ్బు ఊరు ఖురియాత్‌లో ఏడాదిగా, బయటికి పోతానన్నప్పుడల్లా భర్త షరీఫ్‌ది ఒకటే మాట: "ఆ రాళ్ళ దారిలో పాపనెత్తుకొని యాడికి పోతావు?"

"ఇంక నేనే ఫోన్ బూత్‌కు పోయి అమ్మతో మాట్లాడొస్తా," అంది భర్తతో.

షరీఫ్ పాపను తీసి, పక్కనున్న చిన్న చక్రాల బండిలో పడుకోబెట్టాడు. "ఇది చాలు."

"ఇది రాళ్ళలో కదలదు భాయ్. మీ ఇంటి ముందరంతా రాళ్ళే అంటిరే?"

"ఇంట్లో రాళ్ళెందుకుంటాయి?" అన్నాడు షరీఫ్.

ఏడాదిగా ఆ రాళ్ళను ఊరికే తిట్టిపోసినందుకు హుస్నాకు సిగ్గేసింది.