అందరి మాటా అయ్యాక

"చెప్పుల దగ్గర ఆ ముసలాయన కాపలా ఏమిటే? మీ ఇంటి చెప్పులు బంగారంతో చేయించారా అని పక్కింటావిడ ఒకటే నవ్వు!"

అత్తగారు పొద్దుట అందుకున్న రాగం, లాయరు కోడలు కోర్టుకు బయల్దేరే వేళకీ ఆగలేదు.

"కుర్చీ వేశానత్తయ్యా. కూర్చోడు. ఏం చెయ్యను?" లాయరు నల్లకోటు చేతిమీద వేసుకుంది.

"అమ్మకి ఆయన గొడవ కాదు, కొత్త చెప్పుల బెంగ," భర్త పేపరు చాటునుంచి అన్నాడు.

"నువ్వు నోర్ముయ్యి!"

ముందుగది నిండా కొండవాళ్ళు. గుమ్మం పక్కన, నేలమీద, ఎప్పటిలాగే ఆ ముసలాయన. వచ్చినప్పుడల్లా అక్కడే. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా కొండను మేమే ఏలుకుంటామన్నది వాళ్ళ దావా. లాయరు తల సగం ఆ దావాలోనే నెరిసింది. ఇప్పుడు కోర్టు ఒక్కటే అడుగుతోంది. మీ తగవులు తీర్చే పెద్ద ఎవరు? తెచ్చి చూపించండి.

"ఇవాళ ఆఖరి వాయిదా. మీ పెద్ద ఎవరో ఇప్పుడైనా చెప్పండి," లాయరు బతిమాలింది.

"అందరి మాటా అవనీ లాయరమ్మా, తెలుస్తుంది," అంది కొండవాళ్ళలో ఒకావిడ.

ఆవిడ తమ్ముడు అడవిదారి సంగతి ఎత్తుకున్నాడు. ఇంకొకడు వాగు గురించి. అన్నీ విన్న మాటలే.

లాయరు గడియారం చూసుకుంది.

"సరే, సరే. అర్థమైంది. పదండి, టైమవుతోంది."

"కాస్త జరగవయ్యా," అంటూ అత్తగారు ముసలాయన పక్కనుంచి చెప్పులు తీసుకుంది.

కోర్టులో అవతలి లాయరు నవ్వాడు.

"పెద్దే లేనివాళ్ళకి పెత్తనం ఎవరి చేతిలో పెట్టాలండీ?"

దావా కొట్టేశారు.

ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. లాయరుకు పెద్ద కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. భర్త ఊపిరి పీల్చుకున్నాడు. అత్తగారు గుమ్మం పక్కన చెప్పుల స్టాండు పెట్టించింది.

వానలు పడ్డాక ఆ కొండావిడ ఒక్కతే కోర్టుకు వచ్చి లాయరును కలిసి వెళ్ళింది.

ఆ సాయంత్రం లాయరు ఇంటికొచ్చి, స్టాండు పక్కకు జరిపి, గుమ్మం దగ్గర నేలమీద కూలబడింది.

"అదేం కూర్చోవడమే తల్లీ! ఒంట్లో బాగాలేదా?" అత్తగారు కంగారుపడింది. భర్త, పిల్లలు లోపల్నుంచి వచ్చారు.

"ఆ ఉద్యోగం వద్దని చెప్పేశాను," నెమ్మదిగా అంది లాయరు. "అప్పీలు వేస్తున్నాను. రేపు కొండమీదికి వెళ్తున్నా. చిట్టచివరి మనిషి మాట అయ్యేదాకా అక్కడే కూర్చుంటా."

"ఓడిపోయాక ఇంకేం వింటావు?" అన్నాడు భర్త.

"ఆ ముసలాయన పోయాడట. జ్వరం."

"అయ్యో! నోట్లో నాలుకలేని మనిషి," అత్తగారి గొంతు మెత్తబడింది.

"వాళ్ళలో పెద్దను బతికుండగా వేలెత్తి చూపకూడదట అత్తయ్యా. అందరికన్నా కింద కూర్చుని, అందరి మాటా విన్నాకే ఆయన నోరు విప్పుతాడట. నేనే, ఒక్కనాడూ, అందరి మాటా అవనివ్వలేదు."