ముందు పెట్టె

"గొర్రెలు లేవు గద తాతా, కర్ర ఎందుకు?" మెట్రో స్టేషన్‌లో తనిఖీ చేసే అమ్మాయి నవ్వింది. "గొంగడి తీస్కపో. కర్ర గిక్కడ పెట్టు, వచ్చేటప్పుడు ఇస్త."

భిక్షం కర్ర ఇచ్చేశాడు. కేతేపల్లి నుంచి మొదటి బస్సుకే వచ్చి, మెట్రోకు ఆఖరి స్టేషనైన ఎల్బీనగర్‌లో దిగాడు.

"అమ్మా, గీ బండ్లు నడిపే శైలజ నా బిడ్డనే. ఒక్క మాట మాట్లాడాలె."

"డ్యూటీల ఉంటే కలవనియ్యరు తాతా. ఫోను గూడ దగ్గర ఉండది. మూడింటికి దిగుతది, అప్పుడు రా."

మూడింటికి దిగి ఊరు చేరేసరికి పొద్దుగూకుతుంది. అంతదాకా భార్య బక్కమ్మ ఉండదు. దవాఖాన వాళ్లు నిన్ననే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గుటక దిగని గొంతుతో ఆమె అడిగేది ఒక్కటే: "పిల్ల చేతి నీళ్లు."

రెండేళ్ల కిందట భిక్షం తల్లి పోయింది. శైలజ డ్యూటీ దిగి వచ్చేసరికి మట్టి అయిపోయింది. నలుగురిలో భిక్షం నోరు జారాడు.

"అవ్వ కన్న బండే ఎక్కువైనదానికి నా గడప ఎందుకు? లింగమంతుల మీద ఒట్టు, మళ్ల తొక్కితే నేను సచ్చినట్టే!"

శైలజ ఏడవలేదు. "నువ్వొచ్చి నీ నోటితోటి పిలిస్తెనే వస్త బాపూ," అని వెళ్లిపోయింది.

ఒట్టు పెట్టించుకున్న దేవుడు దాన్ని విప్పనివ్వడా? పొద్దున బస్సెక్కే ముందు భిక్షం లింగమంతుల గుడి ఉన్న గట్టు వైపు తిరిగి మొక్కాడు. "తప్పైంది సామీ. ఆ సావేదో నాకే రానియ్యి. పిల్లను మాత్రం ఇంటికి రానియ్యి." దేవుడు ఏమన్నాడో తెలియలేదు. ఎన్నడు తెలిసింది గనుక!

మూడు బండ్లు వదిలేశాడు. నాలుగోది వస్తుంటే ముందు అద్దం వెనుక, నీలం చొక్కాలో శైలజ కనిపించింది. చిక్కిపోయింది. తనను చూసిందో లేదో. బండి ఆగింది. దిగే జనాన్ని తోసుకుంటూ భిక్షం ఆ ముందు పెట్టెలోకే ఎక్కి, డ్రైవర్ గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

పక్క సీట్లోకి ఒక ఉద్యోగి వచ్చి కూర్చుని ఫోను తీశాడు.

"సారూ, గీ అర్ర డ్రైవర్‌దే గదా?"

"ఆఁ, డ్రైవర్‌దే," అన్నాడాయన తల ఎత్తకుండా.

"మాట్లాడితే ఇనవడ్తదా?"

"ఇనవడ్డా పలుకరు పెద్దాయనా. డ్యూటీ గట్లనే ఉంటది."

తలుపులు మూసుకున్నాయి. బండి కదలగానే భిక్షం ఒళ్లు ఆ గది తలుపు మీదికే తూలింది. బిడ్డ దగ్గరికి దేవుడే నెట్టినట్టనిపించింది. గొంగడి సర్దుకుని, తలుపుకు నోరు దగ్గర పెట్టాడు.

"శైలూ, నేనే. బాపును. పిలువనీకె వచ్చిన."

లోపల ఉలుకూ పలుకూ లేదు.

"మీ అమ్మకు బాగలేదు బిడ్డా. నీళ్లు గూడ దిగుతలేవు. నా ఒట్టు నేనే తీసేస్కున్న. ఇంటికి రా."

సీట్లలో వాళ్లు తలలు తిప్పి చూశారు. ఎవరో నవ్వారు. భిక్షానికి సిగ్గనిపించలేదు. మందలో వెయ్యి గొర్రెల మీద అరిచిన గొంతు, ఇప్పుడు గుసగుస అయింది.

"నోటితోటి పలుకకున్నా మంచిదే. వస్తనంటే తలుపు మీద ఒక్కసారి కొట్టు. సాలు."

చెవి ఆనించాడు. చక్రాల రొద తప్ప ఏమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ దాటింది.

"గింత పంతమా బిడ్డా? నా కాడికెల్లే వచ్చింది నీకు," అన్నాడు. కళ్లు తుడుచుకుని వేలితో మెల్లగా రెండుసార్లు తట్టాడు. "నా మీద కోపముంటే నేను సచ్చినంక గూడ రాకు. మీ అమ్మకోసం రా."

మలక్‌పేట కూడా దాటింది. జేబులో ఫోను మోగింది. బక్కమ్మ చెల్లెలు లక్ష్మీనర్సమ్మ.

"బావా, వస్తాందా? అక్క తలుపు దిక్కే చూస్తాంది."

భిక్షం ఆ తలుపు వైపు చూశాడు. ఆఖరిసారి చెవి పెట్టాడు.

"రాదట," అన్నాడు. "చెప్పు."

అవతల ఆమె అక్కకు ఆ మాట చెప్పింది. తర్వాత లక్ష్మీనర్సమ్మ ఏడుపు గొంతు వినిపించింది. "చెప్పిన బావా. మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. నీళ్లు పోస్తే పండ్లు బిగవట్టింది."

బస్టాండు స్టేషన్ వచ్చింది. ఊరికి బస్సు అక్కడా దొరుకుతుంది. భిక్షం దిగి, ఆ పెట్టె పక్కనే నిలబడ్డాడు. ఎంత కోపమున్నా కన్నబిడ్డ. ఆమె బండి మొత్తం పోయేదాకా చూసి వెళ్దామనుకున్నాడు. ముందు పెట్టె ఇది. వెనుక రెండు పెట్టెలూ తన ఎదురుగానే సాగిపోవాలి.

బండి కదిలింది. ఆ పెట్టె జరిగిపోయింది. దాని వెనుక మరో పెట్టె రాలేదు, ఒట్టి పట్టాలు మిగిలాయి. ఎల్బీనగర్‌లో బండి వచ్చిన దారినే మళ్లినప్పుడే అది ఆఖరి పెట్టె అయింది.

దూరమవుతున్న అద్దం వెనుక డ్రైవర్ కుర్చీ ఖాళీగా ఉంది.