నేల పైనా, నేల లోపలా

"పెద్దనాయనా, అందరూ చెయ్యెత్తినారు. నువ్వొక్కడివే చేతులు కట్టుకోని కూర్చోనుండావు. ఏమైంది నీకు?" అంది రంజిత.

ముత్యాలప్ప కట్టుకున్న చేతులను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. పెనుకొండ చర్చిలో ఆరాధన అయిపోయింది. జనం ఇంకా చాపల మీదే ఉన్నారు. ప్లాస్టిక్‌ను తగ్గించేందుకు దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం చేసుకోవాలని చూస్తున్నాయి. దానికి మద్దతుగా చుట్టుపక్కల చర్చి సంఘాలన్నీ తమ వంతుగా ఏం చేస్తాయో తీర్మానం చేసి, రేపు హిందూపురంలో జరిగే సభకు తీసుకుపోవాలి. సంఘంలో ఒక్కరు కాదన్నా తీర్మానం లేనట్టే.

"ధర్మవరమోళ్లు నిన్ననే చేసేసినారంట. రేపు వాళ్ల ముందర మనం తల యాడ పెట్టుకోవాల?" అంది రంజిత మళ్లీ.

"ఇంకొకసారి చదవండి అయ్యగారూ," అన్నాడు ముత్యాలప్ప.

నిరుడే ఈ సంఘానికి వచ్చిన పాస్టర్ నవనీత్ ఓపిగ్గా కాగితం తీశాడు. "సమాధుల పండుగ లోపల, మా సమాధుల తోటలో నేల పైనా, నేల లోపలా ప్లాస్టిక్ అనేది లేకుండా చేస్తామని దేవుని ఎదుట ప్రమాణం చేస్తున్నాము."

"నేల లోపల అంటే?"

"మన్నులో పూడుకుపోయిన కవర్లు, సీసాలు. అన్నీ తవ్వి తీసేస్తాము తాతా. ప్లాస్టిక్ ఎన్నాళ్లున్నా మట్టిలో కలిసేది కాదు."

"కలవనే కలవదా?"

"మన మనవళ్ల మనవళ్లు వచ్చి చూసినా అట్లే ఉంటుంది."

ముత్యాలప్ప చాప అంచు పట్టుకుని పుల్లలు పీకుతూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా సుగుణ సమాధిని మాత్రం ఎవురూ ముట్టుకోకండప్పా. నాకు అదొక్కటే కావాల."

"ఓహో, ఆ ప్లాస్టిక్ రోజాపూల దండ కోసమా?" వెనక నుంచి కృష్ణమోహన్ అందుకున్నాడు. "ముందే చెప్పుంటే బాగుండు గదా మామా. దేశాలన్నిటికీ ఫోన్ చేసి, మా సుగుణత్త దండను వదిలేసి మిగతాది చూసుకోండి అని చెప్పుంటి."

చాపల మీద నవ్వులు లేచాయి. రంజిత కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ముత్యాలప్ప లేచి బయటికి నడిచాడు. సమాధుల తోట చర్చి వెనకే. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఎండకు రంగు వెలిసిన దండ ఉంది. దాన్ని పాస్టర్ ముందు పెట్టి, వచ్చి తన చోట్లో కూర్చున్నాడు.

"అయిపాయ," అంది రంజిత. "ఇంక చెయ్యెత్తు పెద్దనాయనా."

చెయ్యి లేవలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"దండ కూడా ఇచ్చేస్తివి. ఇంకేముంది తాతా?" నవనీత్ గొంతులో విసుగు వినబడింది. "ఇది దేవుని ముందర చేసే ప్రమాణం. ఇష్టం లేకపోతే లేదని చెప్పు."

"దేవుని ముందర గాబట్టే అయ్యగారూ. అబద్ధమాడలేను. తవ్వండి అనీ చెప్పలేను," అన్నాడు ముత్యాలప్ప. "ఆ కాగితం ఒకసారి మా సుగుణకు చదివి వినిపించి రాండి. కరోనాలో ఆమెను ప్లాస్టిక్ సంచిలో కట్టే గదా పూడ్చినాము."